వీపు చూసి వైద్యం

ఊపిరితిత్తుల జబ్బులంటే ఆ ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మదే పేరు. పేరుంటే ఏం లాభం, జనం ఊపిరి సలపనిస్తేగా! టైం కలిసొస్తుందని ఆవిడ ఓ పద్ధతి పెట్టుకుంది. నర్సు రోగిని వీపు ఇటు పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టి చొక్కా పైకెత్తిస్తుంది. డాక్టరమ్మ అంతకుముందు చూసిన రోగి సంగతి కంప్యూటర్లో కొట్టేసి, ఇటు తిరిగి స్టెతస్కోపు ఆనిస్తుంది. ముఖం చూడటం చివర్న, అదీ వీలైతే.

ఇక సగం పూటే పనిచేస్తానని సూపరింటెండెంటుకు చెప్పేయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. తీరా ఎదురుపడితే నోరు పెగలదు. ఆయనేమో "నువ్వున్నావనే ధైర్యమమ్మా" అంటాడు. ఈవిడేమో వెనక్కొచ్చి ఇంకో నలుగుర్ని ఎక్కువ చూస్తుంది. పాడు మొహమాటం!

ఆ రోజూ అంతే. తిండి లేదు, మధ్యాహ్నం దాటింది. స్టూలు మీద మరో వీపు.

"గట్టిగా ఊపిరి తీసుకోండి... వదలండి." కుడివైపు అడుగున సన్నగా చిటపటలు వినిపించాయి. "ఎన్నాళ్లుగా దగ్గు?"

"వానలు మొదలైన దగ్గర్నుంచీ."

ఆ గొంతు విని ఉలిక్కిపడింది. స్టూలు గిర్రున తిప్పింది. ఇంకెవరు, మొగుడు!

"మీరా! అయ్యయ్యో, ఇంట్లో చెప్పొచ్చుగా!"

"చెప్పాను. ఊఁ అన్నావు. మళ్లీ చెప్పాను, అప్పటికే నిద్రపోయావు. చీటీ తీసుకుంటే వింటావని లైన్లో నిలబడ్డాను." చొక్కా సర్దుకుంటూ నవ్వాడు. "పోన్లే, మంచి డాక్టరువనే అనుకుంటున్నారు బయట."

నర్సు ఫక్కున నవ్వబోయి, డాక్టరమ్మ కళ్లు చూసి ఆగిపోయింది. పక్కలో పడుకున్న మనిషి దగ్గు వినబడలేదా తనకి! డాక్టరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఎక్స్‌రే రాసి, తానే ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

వరండాలో సూపరింటెండెంటు ఎదురొచ్చాడు. "ఎక్కడికమ్మా, లైను అలాగే ఉంది?"

"మా ఆయనకి ఎక్స్‌రే తీయించాలి సార్. వచ్చి లైను పూర్తి చేస్తాను. రేపట్నుంచి మాత్రం మధ్యాహ్నం దాకానే ఉంటాను."

"మరి వీళ్లనెవరు చూస్తారు?"

బెంచీల మీద వాళ్లంతా తలెత్తి చూశారు. అందులో ఎందరివో వీపులు తనకు తెలుసు. ఒక్క ముఖమూ గుర్తురాలేదు.

"నాకూ తెలీదు సార్," అంది. ఏడుపు తన్నుకొచ్చింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నాలుగడుగులు వేశాక మొగుడికి దగ్గు తెర వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆగి, అది పూర్తయ్యేదాకా వింది.