ఆ ఫోల్డరుకి వేరే తాళం

"తన బలం ఓపికటమ్మా," అన్నాడు భర్త పొద్దున్నే కంచం ముందు కూర్చుని, ముందొక చిన్న దగ్గు దగ్గి మరీ. అత్తగారు ముసిముసిగా నవ్వింది. వడ్డిస్తున్న కోడలి చెయ్యి ఆగిపోయింది.

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఆఫీసులో పెద్ద పోస్టుకి ఇంటర్వ్యూ ఉందనే ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఇల్లెవరు చూస్తారని మొదలుపెడతారు. బట్టలు మడతపెడుతూ జవాబులు తనకు తానే అప్పజెప్పుకుని లాప్‌టాప్‌లో రికార్డు చేసుకుంది. ఆ మాటా, దానిముందు దగ్గూ అందులోవే. ఏమో, ఊరికే అన్నాడేమో. ఓపిక అనేది ప్రతి ఆడదానికీ అంటగట్టే మాటే కదా. కానీ ఆ దగ్గు?

ఆఫీసులో లైనక్స్ కంప్యూటర్లన్నీ చూసేది ఆమే. ఆ రోజే మేనేజరు అడిగాడు, డిస్కంతటికీ పాస్‌వర్డ్ తాళం వేద్దామా, ఫైళ్ళకి విడివిడిగానా అని.

"డిస్కంతటికీ వేస్తే, మిషన్ ఎత్తుకుపోయినవాడికి ఏమీ దొరకదు సార్. కానీ పొద్దున్న ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక రోజంతా అన్నీ బార్లా తెరిచే ఉంటాయి. విడిగా వేస్తే ఎవరి తాళం వాళ్ళదే. దొంగ బయటివాడా, లోపలివాడా అన్నది చూసుకోవాలి."

"లోపల దొంగలెవరమ్మా, మనమంతా ఒక కుటుంబం," అని నవ్వి, టీలు ఎవరెవరికి కావాలో కనుక్కోమని ఆమెకే పురమాయించాడు.

టీలు లెక్కపెడుతుంటే ఆమెకి గుర్తొచ్చింది. ఇంట్లో లాప్‌టాప్‌కి వేసింది డిస్కు తాళమే. రోజూ పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. వేరే తాళాలెందుకు, మనలో మనకి దాపరికాలేంటని అప్పట్లో అన్నది భర్తే.

సాయంత్రం కూర ఉడికేలోగా డిస్కు తాళం అలాగే ఉంచి, రికార్డింగుల ఫోల్డరుకి మాత్రం వేరే తాళం వేసింది. ఎవరికీ చెప్పలేదు. ఛ, కట్టుకున్నవాణ్ణి అనుమానిస్తున్నానా అని తనని తానే తిట్టుకుంది కూడా. ఆయన ఆ ఫోల్డరు ఊసెత్తకపోతే మనసులోనే క్షమించమని అడుగుదామనుకుంది. నిజంగా అలా జరిగితే బాగుండునని కోరుకుంది.

మర్నాడు ఆమె గిన్నెలు తోముతుంటే ముందుగదిలోంచి పిలిచాడు.

"ఈ లాప్‌టాప్ పాడైనట్టుంది. నీ ఫోల్డరేదో తెరుచుకోవట్లేదు. కాస్త బాగుచెయ్యి."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పాడవలేదండీ, బాగానే పనిచేస్తోంది," అంది. "ఎల్లుండి నాకు ఇంటర్వ్యూ. వంట మీరు చూసుకోండి. ఓపిక నా బలమన్న జవాబు తీసేశాను."