తమ్ముడికి చేరని మాటలు

తమ్ముణ్ణి తన దగ్గర్నుంచి లాక్కుపోయింది ఆ ఫోనే. పెద్దమేస్త్రి దృష్టిలో ఇది తేలిపోయిన విషయం. వాదనకు చోటులేదు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే వడ్రంగి కొట్టు. తమ్ముడికి పుట్టు చెవుడు. వచ్చినవాళ్ళు పెద్దమేస్త్రితో మాట్లాడేవారు. ఆయన చేతులు తిప్పుతూ సైగలతో తమ్ముడికి చెప్పేవాడు. మెచ్చుకుంటే సగమే చెప్పేవాడు. తిడితే ఏమీ మిగల్చకుండా చెప్పేవాడు. భార్య పోయాక ఆయన మాట కోసం ఎదురుచూసే మనిషి తమ్ముడొక్కడే.

ఇప్పుడు పనిబల్ల మీద ఫోను నిలబెట్టి ఉంటోంది. కొట్లో ఎవరేం మాట్లాడినా దాని మీద అక్షరాలై కనిపిస్తుంది. తమ్ముడు చిత్రిక పడుతూనే ఓరకంట చదువుకుంటాడు. జవాబు టైపు చేస్తే అది పైకి చదువుతుంది.

ఆ రోజు టీచరమ్మ పుస్తకాల బీరువా చేయించుకోవడానికి వచ్చింది. పెద్దమేస్త్రి కుర్చీ దులిపి వేశాడు. ఆవిడ కూర్చోలేదు. నేరుగా తమ్ముడి దగ్గరకు వెళ్ళింది.

"చిన్నమేస్త్రిగారూ, మీరు చేసిన బల్ల మా ఇంట్లో అందరికంటే బుద్ధిగా ఉందండీ. కదలదు, మెదలదు."

తమ్ముడు టైపు చేశాడు. "అయితే దానికి జీతం పెంచండి," అంది ఫోను.

ఇద్దరూ పగలబడి నవ్వారు. పెద్దమేస్త్రి కడుపులో నిప్పులు పోసినట్టయింది. తన చేతుల మీదుగా కాకుండా తమ్ముడి మొహంలోకి నవ్వు రావడం ఆయన ఓర్వలేకపోయాడు.

కొలతలు తేలాక టీచరమ్మ పెద్దమేస్త్రి వైపు తిరిగింది. "చెక్క కూడా చిన్నమేస్త్రిగారినే ఎంచమంటాను, ఏమంటారు?"

తమ్ముడు పక్కనే ఉన్నా లేనట్టే మాట్లాడడం ఆయనకు ఏళ్ళ అలవాటు. నవ్వు మొహంతోనే అన్నాడు: "వాడి మొహం! చెవిటాడికేం తెలుస్తుందమ్మా? పక్కన నేను లేకపోతే మేకు వంకరో తిన్ననో కూడా తేల్చుకోలేడు."

చిత్రిక ఆగిపోయింది.

ఫోను ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసింది. తమ్ముడు చదివాడు. మళ్ళీ చదివాడు. ఆవిడ వేరే ఏదో అడిగిందని సర్దిచెప్పడానికి పెద్దమేస్త్రి చేతులు వాటంతటవే లేచాయి. గాల్లోనే ఆగిపోయాయి.

తమ్ముడు టైపు చేసిన మాటలు ఆ యంత్రపు గొంతు చదివింది. అందులో కోపం లేదు. "అన్నయ్యా, చెవుడు నాకు పుట్టుకతో వచ్చింది. నన్నెవరేమంటున్నారో తెలియకపోవడం మాత్రం నువ్వు తెచ్చిపెట్టావు."

"చెక్క మీరే ఎంచండి చిన్నమేస్త్రిగారూ," అని చెప్పి టీచరమ్మ వెళ్ళిపోయింది.

వికలాంగులకు ఆసరాగా ఉన్నామని చెప్పుకునే ప్రతివారూ ఇది తెలుసుకోవాలి. వాళ్ళకూ లోకానికీ మధ్య అడ్డంగా నిలబడడం ఆసరా కాదు. ఒక పరికరం వాళ్ళను మన చేతిలోంచి విడిపించినప్పుడు మనకు కడుపు మండిందంటే, ఇన్నాళ్ళూ మనం చేసింది సాయం కాదు, పెత్తనం.

సాయంత్రం కొట్టు మూసేముందు పెద్దమేస్త్రి చేతులు కదపలేదు. గిట్టని ఆ ఫోను ముందుకే వెళ్ళి నిలబడ్డాడు.

"తప్పు నాది. చదివావుగా? ఇంకోసారి చెప్పను. ఈ సంగతి ఇక నేనెత్తను, నువ్వూ నన్నడగొద్దు."