అంత దూరానికి ఏ కెమెరా

ముందు మీరు చెప్పండి. నేత మిల్లు కాలిన రోజు మీరేం చూశారు? పొగ చూశామంటారు. పొగ ఊరంతా చూసింది, దానికి కళ్ళు కూడా అక్కర్లేదు, ముక్కు చాలు. అడుగుతున్నది వెనక తలుపు సంగతి. రోజూ ఆ సందులోంచే కదా మీరంతా పనులకి పోయేది, వచ్చేది? ఆ తలుపుకి బయట వేలాడుతుండే తాళం, పిడికిలంత తాళం, ఒక్కళ్ళ కంటా పడలేదా? సరే, పడలేదు. మేస్త్రి ఇంట్లో ఏం జరిగిందో వినండి.

మేస్త్రి అంటే ఆ మిల్లులో మరమగ్గాలు బాగుచేసే మనిషి. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించి, టీ మూడు గ్లాసుల్లో పోసేవాడు. ఒకటి కడుపుతో ఉన్న కూతురికి, ఒకటి తనకి. మూడోది చిన్న చక్రాల బండి మీద పెట్టి భార్య వైపు తోసేవాడు. మిల్లులో దారపు కండెలు మోసే బండి అది. ఆవిడ కూర్చునేది ఆ గదిలోనే, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే. కాకపోతే దూరంగా ఉండేది. పొడుగాటి రోడ్డు చివర నిలబడ్డ మనిషంత కనిపించేది. ఇద్దరి మధ్యా గచ్చు సాగిపోయి ఉండేది. బండి దొర్లుకుంటూ, చిన్నదై చిన్నదై, ఆవిడ దగ్గర ఆగేది. అప్పటికి టీ చల్లారిపోయేది. కాసేపాగి తాడు లాగితే ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చేది. ఆ తాడుకి మాటిమాటికీ కొత్త ముక్క ముడెయ్యాల్సి వచ్చేది.

"మీ ఆవిడ ఇంకాస్త దూరం జరిగినట్టుందే మేస్త్రీ," అనేది పక్కింటావిడ, గుమ్మంలోంచి తొంగిచూసి. "అంత దూరాన చలిగా ఉంటుందేమో, ఓ దుప్పటి పంపించు."

దుప్పటి పంపించాడు. నడిచి వెళ్ళడానికీ చూశాడు. చెప్పులు అరిగేదాకా నడిచాడు, ఆవిడ వేలెడంత కూడా దగ్గరవలేదు. వెనక్కి తిరిగొచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగి పోయాయి.

ఆవిడ దూరం జరగడం మొదలైంది మిల్లు ఆఫీసులో విచారణ జరిగిన రోజున. షెడ్డులో చిక్కుకుని చచ్చిపోయిన ఆడవాళ్ళలో ఆవిడ సొంత చెల్లెలుంది. ఆ పొద్దున చెల్లెల్ని షెడ్డు దాకా దిగబెట్టింది ఆవిడే. విచారణకొచ్చిన అధికారి, "వెనక తలుపుకి తాళం ఉందా అమ్మా? నువ్వేం చూశావు?" అని అడిగాడు. "నేనేం చూడలేదు," అంది ఆవిడ. ఇంటికి వచ్చేటప్పుడే మొగుడికి నాలుగడుగులు వెనకబడింది. ఆ నాలుగడుగులు మళ్ళీ కలవలేదు.

అయ్యో, చెల్లెలి మీద బెంగ అనుకున్నారంతా. మేస్త్రి కూడా అలాగే అనుకోవాలని చూశాడు. ఎందుకంటే ఆ తాళం వేసింది మేస్త్రే. పని మధ్యలో ఎవరూ బయటికి జారుకోకుండా షిఫ్టు మొదలవగానే వెనక తలుపు బిగించమని సూపర్వైజరు ఎప్పుడో చెప్పాడు. రోజూ వేసే తాళమే. ఆ రోజు కూడా వేసి, తాళంచెవి మొలలో దోపుకుని, సూపర్వైజరు పంపితే మగ్గం విడిభాగం కొనడానికి బజారుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇనప తలుపు ఎర్రగా కాలి ఉంది. లోపల చప్పుడు ఆగిపోయింది. ఆ గందరగోళంలో తాళంచెవి తీసి మురిక్కాలవలో పారేశాడు.

"తాళం లేదు, ఏమీ లేదు. అర్థమైందా?" అన్నాడు సూపర్వైజరు ఆ సాయంత్రం, భుజం మీద చెయ్యేసి. "కొత్త షెడ్డుకి పెద్ద మేస్త్రివి నువ్వే. ఈ ఇల్లూ ఎక్కడికీ పోదు."

మేస్త్రి తలూపాడు. తనని ఎవరూ చూడలేదనుకున్నాడు.

కెమెరా కొందామన్నది కూతురు.

"పిన్ని ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు మనింట్లో," అంది. "పుట్టేవాళ్ళకి కనీసం అమ్మమ్మ మొహమన్నా చూపించాలి కదా నాన్నా. ఇంకొన్నాళ్ళు పోతే అమ్మ అసలు కంటికానదు."

వాడిన కెమెరాలు అమ్మే కొట్టుకి ఇద్దరూ వెళ్ళారు. కొట్టాయనకి నోరు మూతపడదు.

"దేనికి తల్లీ? పెళ్ళిళ్ళకా, పిల్లలకా?"

"ఇంట్లోవాళ్ళని తియ్యాలి. పిట్టని తీసినట్టు దూరాన్నుంచి లాగాలి. కొండల్ని తీసినప్పుడు మధ్యలో చోటంతా వచ్చినట్టు రావాలి. ధర మాకందాలి."

"దానిచేత బట్టలు కూడా ఉతికించమంటావా?" అంటూనే ఆయన గాజు బల్ల మీద మూడు పెట్టాడు. "ఇదిగో, ఇది చిన్నది. వెలుతురు తక్కువున్న గదిలో కూడా మొహాలు చక్కగా వస్తాయి, దూరం మాత్రం లాగదు. ఇది లెన్సులు మార్చుకునేది. మహా మంచిది, కానీ పిట్టల లెన్సు విడిగా కొనాలి, ఆ ధర వింటే పిట్టలతో పాటు మీరూ ఎగిరిపోతారు. ఇది మూడోది. లెన్సు దీనికే అతికి ఉంటుంది, మార్చే పన్లేదు, ఎంత దూరమైనా లాగుతుంది. తక్కువలో వస్తుంది. వెలుతురు తగ్గిందా, బొమ్మంతా ఇసక చల్లినట్టుంటుంది. వీడియో కూడా తీస్తుంది, దూరపు మాటలు మాత్రం వినపడవు." కాస్త ఆగి అడిగాడు. "ఇంతకీ మనిషి ఎంత దూరంలో ఉంటారు?"

మేస్త్రి గుమ్మంలోంచి చూపించాడు. "ఆ నీళ్ళ ట్యాంకు మీద కాకి ఉంది చూడు. అంత."

"నిలబడా, కూర్చునా?"

"కుర్చీలో."

"నయం. కదలని మనిషి తేలిక. మా ఆవిడ నా పక్కనే ఉంటుంది, క్షణం కుదురుగా ఉండదు. ఇన్నేళ్ళలో ఒక్క ఫోటో సరిగ్గా పడలేదు."

మేస్త్రి మూడోది కంటికి ఆనించుకుని, ఆయన చెప్పినట్టు మీట నొక్కాడు. లెన్సు ముందుకి సాగింది. కాకి ఎదురుగా వచ్చి కూర్చుంది. దాని కన్నుంది, కంటి చుట్టూ ముడతలున్నాయి. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది. అరుపు మాత్రం వినపడ్డంలేదు. మేస్త్రి కెమెరా దింపేశాడు.

"మొదటిది తీసుకుందాం నాన్నా," అంది కూతురు. "ఇది చీకట్లో పనిచెయ్యదట. మనింట్లో ఉన్నదే చీకటి. రేపు పిల్లల్ని తియ్యాలన్నా అదే మేలు."

"పిల్లలు దగ్గర్లోనే ఉంటారు, దేంతోనైనా వస్తారు. మీ అమ్మ దీంట్లోనే వస్తుంది. వెలుతురు సంగతి నేను చూసుకుంటాలే."

మర్నాడు నిచ్చెనేసుకుని ఇంటి పైకెక్కి, స్పానరుతో బోల్టులు విప్పి, కప్పు రేకులు రెండు కిందికి దింపాడు. ఇల్లు మిల్లువాళ్ళది, రేకులూ వాళ్ళవే. ఎండ ధారగా లోపలికి పడింది. గదిలో ఉన్న దూరమంతా ఒక్కసారి వెలిగింది. గచ్చు అలా సాగి సాగి, ఎక్కడా చెట్టూ పుట్టా లేని మైదానంలా ఉంది. తెరిచిన కప్పులోంచి ఒక పిచ్చుక దూరి, ఆవిడ వైపు ఎగురుకుంటూ పోయి, చుక్కంతై, కనపడకుండా పోయింది.

కూతురు బల్ల మీద దిండేసి, దాని మీద కెమెరా ఆనించింది. చిన్న తెరలో ముందు గచ్చు కనిపించింది, తరవాత తాడు, బండి, దుప్పటి అంచు. మీట నొక్కుతూనే ఉంది. లెన్సు చివరికంటా వచ్చేసింది. ఇక సాగదు. అప్పుడు తెరలో అమ్మ మొహం నిలిచింది.

జుట్టు నెరిసిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి. పెదాలు ఆగకుండా కదులుతున్నాయి.

మిల్లు సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. మరమగ్గాలు నడిచే షెడ్డులో నోటి మాట వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. పోట్లాడుకున్నా, సరసమాడుకున్నా అంతా పెదాలతోనే. మేస్త్రి, ఆయన భార్య ప్రేమించుకున్నది కూడా అలాగే, రెండు వరసల మగ్గాల మధ్య, ఒక్క శబ్దం లేకుండా. పెళ్ళయ్యాక పిల్లకి తెలియకూడని మాటలన్నీ ఇంట్లో పెదాలతోనే చెప్పుకునేవారు.

కూతురు వీడియో మీట నొక్కింది. మేస్త్రి తెర మీదికి వంగి చూశాడు.

*చెల్లి లోపలుంది. తాళం వేసింది నువ్వే. నేను చూశాను. చెల్లి లోపలుంది. తాళం వేసింది నువ్వే. నేను చూశాను.*

అదే మాట. ఎన్నాళ్ళ నుంచి చెబుతోందో. టీ గ్లాసు బండి మీద పెట్టి తోసిన ప్రతి పొద్దునా ఈ మాట చెబుతూనే ఉంది కాబోలు.

"నాన్నా," అంది కూతురు, తెర మీంచి చూపు తిప్పకుండా. "అమ్మ ఏమంటోంది?"

మేస్త్రి తెర మీంచి తల ఎత్తాడు. "ఏమనడంలేదు. ఊరికే ఏదో గొణుక్కుంటోంది."

ఆ మాట అయీ అవకముందే తెరలో మొహం సగమైంది. కుర్చీ, దుప్పటి, మనిషి అంతా కలిపి గింజంత అయిపోయింది. పక్కన తాడు చుట్ట గిర్రున విప్పుకుంటూ, సరసరా గచ్చు మీద పాకి, కొస కూడా చేతికి అందకుండా పోయింది. కూతురు మీట గట్టిగా నొక్కింది. కెమెరా కీచుమంది. అంతకు మించి సాగదు.

"నాకు పెదాల మాట రాదనుకున్నావా?" అంది కూతురు. అరవలేదు. "నా చిన్నప్పుడు మీరిద్దరూ నా ఎదురుగా ఎన్ని చెప్పుకున్నారు! నేర్చుకోకుండా ఉంటానా? పిన్నికి జడ వేసింది నేను నాన్నా, ఆ పొద్దున. ఇంకొక్క అబద్ధం చెప్పు. అమ్మ ఉందని చెప్పుకోడానికి కూడా మిగలదు."

మేస్త్రి వెలుతురు పడే చోటుకి వెళ్ళి, ఆ గింజ వైపు మొహం పెట్టి, షెడ్డులో మాట్లాడినట్టు పెదాలు పెద్దగా కదిలిస్తూ అన్నాడు.

*నేనే వేశాను.*

కూతురు తెరలోకి చూసింది. "మళ్ళీ చెప్పు."

*నేనే వేశాను. తాళంచెవి కాలవలో పారేశాను. నీ చెల్లెలు లోపలుందని తెలుసు.*

గింజ మనిషైంది. మనిషి పెరిగింది. కూతురు లెన్సు వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది. మామూలు కంటికే మొహం ఆనేంత దగ్గరికొచ్చాక ఆవిడ ఆగింది. పెదాలు కదిలాయి. ఈసారి కెమెరా లేకుండానే మేస్త్రి చదువుకున్నాడు.

*నాతో కాదు. అడిగినవాళ్ళతో చెప్పు.*

విచారణ అధికారి ఆ రోజు మిల్లు ఆఫీసులోనే ఉన్నాడు, దస్త్రాలు కట్టేసి వెళ్ళిపోవడానికి. మేస్త్రి కప్పు రేకులు తిరిగి బిగించి, చేతులు కడుక్కుని, తల దువ్వుకుని వెళ్ళాడు. తాళం వేసింది ఎవరో, వెయ్యమన్నది ఎవరో, తాళంచెవి ఎక్కడుందో చెప్పాడు. కాలవ తవ్వితే చెవి దొరికింది. సూపర్వైజరు మాత్రం, "తాళమా? నేనెప్పుడు చెప్పాను మేస్త్రీ?" అని అందరి ముందూ ఆశ్చర్యపోయాడు. యజమానిని పిలవనే లేదు. ఆయన ఎక్కడుంటాడో కూడా ఆ గదిలో ఎవరికీ సరిగ్గా తెలీదు. మేస్త్రిని అక్కణ్ణుంచే జైలుకి తీసుకుపోయారు. వారం తిరక్కుండా తల్లీ కూతుళ్ళని ఇల్లు ఖాళీ చేయించారు.

బిడ్డ పుట్టాక కూతురు ఒక ఫోటో పట్టుకుని జైలుకి వెళ్ళింది. ఊచల సందులోంచి చేతికిచ్చింది. అద్దె గదిలో తీసిన ఫోటో. గది చీకటి, అందుకని బొమ్మంతా ఇసక చల్లినట్టే ఉంది. అందులో అమ్మమ్మ మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని, చేత్తో ముట్టుకునేంత దగ్గరగా కూర్చుని ఉంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"లెన్సు ఎంత లాగావు?" అనడిగాడు మేస్త్రి.

"అసలు లాగలేదు నాన్నా."

"మీ అమ్మ ఏమన్నా అందా?"

"చెల్లెలి పేరే పెట్టమంది పాపకి. నోటితో చెప్పింది, వినపడింది. నీ గురించి ఏమీ అనలేదు."

మేస్త్రి తలూపి ఫోటో వెనక్కిచ్చేశాడు.

కాలిన షెడ్డు పక్కనే కొత్త షెడ్డు లేచింది. దానికీ వెనక తలుపుంది, దానికీ బయట గొళ్ళెం పెట్టారు. మేస్త్రి చేతికి తాళం ఇచ్చినవాళ్ళు సుఖంగానే ఉన్నారు. నాకు తెలియదు, మేం చూడలేదు అని వాళ్ళు ఎన్నేళ్ళ నుంచి అంటున్నారో, ఒక్కో మాటకీ ఎంత దూరం జరిగారో లెక్కలేదు. చుక్కంత కూడా కనపడరు. ఆ సందులో రోజూ నడిచేవాళ్ళు మీరు, అందుకే అడుగుతున్నాను. వాళ్ళ పెదాలు కనపడాలంటే ఏ కెమెరా కొనాలి?