అడిగి తీసుకున్న ఎరువు

మా కోడలు పాలు ముట్టదు, తేనె ముట్టదు. జంతువును బాధపెట్టి తెచ్చినదేదీ ఇంట్లోకి రానివ్వదు. అక్కడితో ఆగినా బాగుండేది. డాబా మీద తొట్లలో పెంచే టమాటాలకు పేడ ఎరువు కూడా వద్దంది.

మొక్కలేమో పాలిపోయాయి. అడుగు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. ఈ కాపు చూశాక డాబా ఆమెకు వదలాలో, తొట్లు తీయించి బట్టలారేసే తీగలు కట్టించాలో తేలుస్తామన్నారు మిగతా వాటాల వాళ్ళు. డాబా పోతే పిల్ల కుంగిపోతుందని నాకు తెలుసు. అందుకే ఊరుకోలేక వాదనకు దిగాను. ఆవు ఎలాగూ పేడ వేస్తుంది కదా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను.

"ఆ పేడ పాల కోసం కట్టేసిన ఆవుది, మామయ్యగారూ. పేడకీ గిరాకీ వస్తే ఆ కట్టు ఇంకా బిగుస్తుంది. పైగా, ఇస్తావా అని ఆవుని అడగలేం కదా."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కోపమొచ్చి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

నేను బస్సు తోలి రిటైరైన మనిషిని. సీట్లో బిగబట్టుకు కూర్చున్న పాపమేమో, ఇప్పుడు ఒక సినిమా కుదురుగా చూడలేను. డాక్టరేమో నీళ్ళు బాగా తాగమంటాడు. ఇంట్లో నాకున్న పనల్లా తాగడం, బాత్‌రూమ్‌కి లేవడం.

ఆ తర్వాత కోడలు వింతగా ప్రవర్తించసాగింది. నా గది గుమ్మం దాకా వస్తుంది, ఏదో అనబోతుంది, వెళ్ళిపోతుంది. చివరికి ఒక సాయంత్రం మూతున్న డబ్బా ఒకటి పట్టుకొచ్చి నేల చూస్తూ నిలబడింది. మనిషి మూత్రంలో పదింతలు నీళ్ళు కలిపి మొక్క మొదట్లో పోస్తే తేరుకుంటుందట. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ అన్ని తొట్లకూ చాలడం లేదట.

నా చెవులు వేడెక్కాయి. కోడలు మామగారిని అడగాల్సిన మాటేనా ఇది? మావాడితో చెప్పిస్తే పోయేదిగా అన్నాను.

"ఆవుని అడగలేమనే కదా పేడ వద్దన్నాను. అడగగలిగిన మనిషిని కూడా నేను అడక్కపోతే ఎలా? మీకిష్టం లేకపోతే వద్దనండి, మామయ్యగారూ. నేనేమీ అనుకోను."

తిన్నారా, మాత్ర వేసుకున్నారా అని అడిగేవాళ్ళే గానీ, రిటైరయ్యాక నన్ను ఫలానాది ఇస్తారా అని అడిగినవాళ్ళు లేరు. సిగ్గేసింది. చెప్పొద్దూ, సంతోషమూ వేసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈ పిల్ల నోరు తెరిచి అడిగింది. డబ్బా అందుకున్నాను.

కొన్నాళ్ళకు చిగుళ్ళు ముదురాకుపచ్చగా లేచాయి. బట్టల తీగల కోసం పట్టుబట్టిన కింది వాటా ఆవిడ పైకొచ్చి, పూత చూసి, ఆ సంగతే మరిచిపోయి ఏం వేస్తున్నారని అడిగింది. చెప్పనా అన్నట్టు కోడలు నావైపు చూసింది. దాచడమెందుకు, చెప్పమన్నాను.

విని ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. కాసేపు టమాటాలకేసి చూస్తూ నిలబడింది.

"మావారు కూడా ఇంట్లో ఖాళీగానే ఉంటున్నారు. అడిగి చూడనా?"

"అడగండమ్మా," అన్నాను. "సంతోషపడతారు."