ఐదో అంతస్తు మందార

రెండో అంతస్తులో తలుపు తెరుచుకోగానే లిఫ్టాయన జేబులో ఫోను కుయ్యిమంది. తలుపులు మూసుంటే ఆ ఇనుప పెట్టెలోకి సిగ్నల్ రాదు. ఒక అంతస్తులో వచ్చిన ఫొటో చూసి, ఇంకో అంతస్తు వచ్చేదాకా ఆలోచించి, తలుపు తెరవగానే జవాబు పంపుతాడు.

ఆ భవనంలో ఎవరి బాల్కనీలో రంగురంగుల పురుగు కనిపించినా ఫొటో ఆయనకే వస్తుంది. ఎప్పుడో ఒకావిడ లిఫ్టులో ఫోను చూపించి ఇదేం పురుగని అడిగింది. తెలియదన్నాడు. ఆ తెలియకపోవడం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఫొటో పక్కన ఫొటో పెట్టి పోల్చుకుంటూ నేర్చుకున్నాడు. రంగును నమ్మడు. అదే పురుగు పిల్లప్పుడొక రంగు, పెద్దయ్యాక ఇంకో రంగు. వీపు మీది డాలులాంటి పెంకు ఎంతవరకు కప్పింది, కడుపు కింద మడిచిన సూదిమూతి ఎంత సన్నం, అవీ చూసేది. సరిగా కనబడకపోతే ఇంకో ఫొటో అడుగుతాడు. నోటికొచ్చింది చెప్పే పెద్దమనుషులను రోజంతా పైకీ కిందికీ మోసేవాడికి ఆ గుణం ఎక్కణ్ణుంచి అబ్బిందో.

ఈసారి ఫొటో ఐదో అంతస్తు టైలరమ్మది. మందార కొమ్మల మీద ఎర్రటి పిల్ల పురుగులు, వాటికి నెమలికంఠం రంగు మచ్చలు. కింది ఫ్లాటు మాస్టారు ఆరేసుకున్న చొక్కాలో ఒకటి పడిందట. సాయంత్రంలోగా తీసెయ్యకపోతే తానే వచ్చి మొక్క పీకేస్తానన్నాడట. అది ఆవిడకు వాళ్ళమ్మ చేతి మొక్క.

లిఫ్టాయనకు ఉద్యోగంలో ఆ రోజే ఆఖరు. రేపట్నుంచి బొత్తాలు ఎవరివి వాళ్ళే నొక్కుకుంటారు. ఇన్నేళ్ళు మోయించుకున్నవాళ్ళలో ఒక్కరికీ ఆ ఊసే లేదు. ఆయన మాత్రం ఫొటోను పెద్దది చేసుకుని చూస్తున్నాడు. ఒక కొమ్మకు ఉంగరంలా చుట్టుకుని గుడ్లు. వాటి మీద కదలకుండా నారింజరంగు తల్లి.

మధ్యాహ్నం మాస్టారు లిఫ్టెక్కాడు.

"మాస్టారూ, అది రసం పీల్చే పురుగే, కాదనను. కానీ మనుషుల జోలికి రాదు. రెక్కలొస్తే దాని దారిన అది పోతుంది."

"నా కాలర్లో దూరిందయ్యా."

"ఇకమీద పడదండి. ఆ పూచీ నాది."

"రేపు నువ్వే ఉండవు. నీ పూచీ ఏం చేసుకోను?"

లిఫ్టాయన యూనిఫాం టోపీ సవరించుకుని తలుపు తెరిచాడు. ఇంకొక్కటి పడితే మాత్రం ఊరుకోనని చెప్పి మాస్టారు దిగిపోయాడు.

సాయంత్రం తాళాలు అప్పజెప్పి లిఫ్టాయన ఐదో అంతస్తుకు మెట్లెక్కాడు. అన్నేళ్ళు ఆ అంతస్తులో తలుపు తెరిచినవాడు ఒకరి గడప దాటడం అదే మొదలు. అలాంటి పురుగును ఫొటోలో తప్ప కళ్ళారా చూసిందీ లేదు. టైలరమ్మ గుడ్డల కుప్ప జరిపి దారిచ్చింది. బాల్కనీలో గొంతుక్కూర్చుని చూశాడు. ఆయన నీడ పడినా తల్లి ఎగిరిపోలేదు. నీడవైపు ఒరిగి గుడ్లను కప్పుకుంది.

"చూశావా అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇది ఫొటోలో తెలీదు."

"టీ పెట్టనా అన్నయ్యా?"

"వద్దమ్మా. కాస్త సూదీ దారం ఇవ్వు."

బయటికి వాలిన కొమ్మలను లోపలికి వంచి కట్టాడు. తల్లి ఉన్న కొమ్మ వంచితే విరిగేలా ఉంది. దాన్ని కదపకుండా దాని కింద ఇంకేదో చాలాసేపు కుట్టాడు. తర్వాత ఉత్త తలతో మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు మాస్టారు తడి చొక్కా చేత్తో పట్టుకుని తలెత్తి చూశాడు. చూసి చూసి, చొక్కా దండెం మీద వేసి లోపలికి వెళ్ళాడు. పైన మందార కొమ్మ కింద నాలుగు దారాల మీద వెల్లకిలా వేలాడుతూ లిఫ్టాయన యూనిఫాం టోపీ గాలికి మెల్లగా ఊగుతోంది.