గడపకు పెట్టిన బొట్లు

"వత్సలా, పేపర్ల నీ పేరు పడ్డది!"

సైకిలుకు స్టాండు కూడా వేయకుండా లింబాద్రి వాకిట్లోంచే కేకేశాడు. వత్సల పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. నిజామాబాదు వారపత్రికలో, ఎరువుల ప్రకటన కింద, గోదావరి ప్రాజెక్టు డాక్యుమెంటరీపై ఆమె రాసిన సమీక్ష. చివర 'వత్సల, బి.ఏ., బోధన్' అని ఉంది. కొత్త పెళ్లికూతురికి ఆ బి.ఏ. చూసి నవ్వు ఆగలేదు. మొగుడి ముక్కుకింత పిండి పూసింది.

"ఏందే పిల్లా, గంత సంబురం?" పిట్టగోడ మీదుగా హన్మవ్వ తల పెట్టింది.

"సినిమా గురించి రాసినవ్వా! సదువుత, ఇను."

వత్సల గొంతెత్తి చదివింది. "ఊళ్లు మునుగుతున్నాయని గోల చేసేవాళ్లు ఈ చిత్రం చూడాలి. ఊరు విడిచిన రైతుల ముఖాల్లో నవ్వే తప్ప..."

అక్కడ ఆమె చదవడం ఆపేసింది. ఎవరికి చదువుతోందో అప్పుడు తట్టింది. బాల్కొండ దిక్కున హన్మవ్వ ఊరు ఆ ప్రాజెక్టు నీళ్లలోనే మునిగింది. అప్పటినుంచి ఆమె బోధన్‌లో బిడ్డ ఇంట్లో ఉంటోంది.

హన్మవ్వకు కోపం రాలేదు. గోడకు ఇంకా దగ్గరగా వచ్చింది.

"గది మా ఊరేనా బిడ్డా? సినిమా తీసెటోళ్లు మా ఇంటి ముంగటనే నిలవడ్డరు. నేను గడపకు బొట్లు వెడుతున్న. మునిగేటి ఇంటికి బొట్లెందుకవ్వా అని నవ్విండ్రు. ఆ బొట్లు కనవడ్డయా?"

"కనబడ్డయవ్వా," అనేసింది వత్సల.

"సల్లగుండు బిడ్డా!" ముసలామె చెంగుతో కళ్లొత్తుకుంటూ లోపలికి పోయింది.

వత్సల పత్రిక మడిచి పొయ్యి పక్కన పడేసింది. సినిమాకు పోయిన సాయంత్రం, అసలు సినిమాకు ముందు వేసే ఆ డాక్యుమెంటరీ నడుస్తుంటే వాళ్లిద్దరూ హాలు బయట మిర్చి బజ్జీల బండి దగ్గరున్నారు. కారానికి లింబాద్రి ముక్కు ఎర్రబడితే ఆమె పగలబడి నవ్వింది. అసలు సినిమా మొదలయ్యేదాకా లోపలికి పోయేదెవరు? వాళ్లు కూర్చునేసరికి తెర మీద మిగిలింది పూలదండలు, చప్పట్లు, చేతులూపే పిల్లలు. ఊళ్లు ఖాళీ చేసిన ముక్క ఆమె చూడనే లేదు. ఆ నవ్వులు ఎవరివో ఏమో!

"ముసలామె ఖుషీ అయింది గద, ఇడిచిపెట్టు," అన్నాడు లింబాద్రి.

"ఏడ్చిందండీ! నేను సూడని బొట్లకు ఏడ్చింది."

రొట్టె పెనం మీదే మాడింది. వత్సల పొయ్యి ఆర్పి, గోడ చుట్టూ తిరిగి హన్మవ్వ వాకిట్లోకి పోయింది.

"అవ్వా, అబద్ధం చెప్పిన. మీ ఊరొచ్చినప్పుడు మేము బయట బజ్జీలు తింటున్నం. చూడకుండనే రాసిన."

హన్మవ్వ ఆమె చేతికంటిన పిండిని చెంగుతో తుడిచింది.

"బజ్జీలన్న మంచిగున్నయా?"

వత్సలకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు. ఇంక ఆడుతున్నదా ఆ సినిమా?"

"రేపే ఆఖరవ్వా. పొద్దటి ఆటకు పోదం. తలుపులు తియ్యంగనే ముందుగాల మనమే కూసుందం. బొట్లున్నా లేకున్నా, సూసిందే మళ్ల రాసి పేపరుకిస్త."

"నా కండ్లకు సరిగ ఆనదు," అంది హన్మవ్వ. "నువ్వు పక్కనుండి సెప్పాలె. ఉన్నదే సెప్పాలె."