రెండో రాకుమారి

షామ్‌బర్గ్ దగ్గరి యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్న రేష్మకి ఓ జపాన్ నాటకంలో రాకుమారి వేషం దొరికింది. కబుకి అనే జపాన్ సంప్రదాయ పద్ధతిలో, ఇంగ్లిష్‌లో వేసే నాటకం. అమెరికాలోనే పుట్టిన ఈషాన్ దానికి మేనేజర్. పాతకాలపు కబుకిలో మేనేజర్‌ని జమోతో అనేవారట. నాటకశాల నడిపే అనుమతి అతని పేరిటే ఉండేది. నటులను ఏడాదికోసారి కుదుర్చుకునేదీ, తెర లేచే పూచీ మోసేదీ అతనే. రిహార్సల్స్ మొదటి రోజే నాటకం నేర్పే ప్రొఫెసర్ ఇదంతా చెప్పి, ఇక్కడ జమోతో ఈషానే, ఎవరికి ఏ వేషమో అతని ఇష్టమే అన్నారు.

రిహార్సల్స్ సగంలో ఉండగా రేష్మ తన కిమోనో అంచు విప్పి పొడవు పెంచారని గమనించింది. ఆమెకి అది ముందే సరిపోయింది. చెలికత్తె వేషం వేస్తున్న అదితి మాత్రం ఆమెకన్నా పొడగరి. ఆ తర్వాత ఈషాన్ తన కళ్లలోకి చూడడం లేదనిపించింది. మరిచిపోయిన జాకెట్ కోసం ఓ సాయంత్రం హాల్‌కి తిరిగొస్తే, లోపల అదితి గొంతు వినిపించింది. చెబుతున్నవి రాకుమారి మాటలు. ఈషాన్ దిద్దుతున్నాడు. రేష్మ తలుపు తోయగానే ఇద్దరూ ఆగిపోయారు.

తన ఇంగ్లిష్ యాస నచ్చక తీసేస్తున్నారనుకుంది. మర్నాడు పార్కింగ్‌లో ఈషాన్‌ని ఆపింది.

"నా రోల్ అదితికి ఇస్తున్నవా?"

ఈషాన్ కారు తలుపు మూసి ఆమె వైపు తిరిగాడు.

"ఫ్రైడే నువ్వు రెడ్‌మండ్ వెళ్తున్నావ్ కదా, జాబ్ ఇంటర్వ్యూకి? ఆ రోజే ఫస్ట్ షో."



"నీకెవరు చెప్పిన్రు?" అంది రేష్మ.

ఆమె రూమ్మేట్ ఇషా చెప్పిందట. రేష్మే వచ్చి చెబుతుందని చూశాడట, చెప్పకపోయేసరికి చివరి నిమిషంలో మాయమవుతుందని అనుమానపడ్డాడట. ఇంటర్వ్యూ తేదీ మార్చమని కంపెనీని అడిగానని, వాళ్లు ఒప్పుకుంటారన్న ఆశతోనే చెప్పలేదని రేష్మ అంది. అతను నమ్మాడో లేదో ఆమెకి తెలియలేదు.

"నువ్వైనా నన్ను అడగొచ్చు కదా," అంది.

"నువ్వు ట్రూత్ చెప్తావని ష్యూర్ లేదు."

కంపెనీ తేదీ మార్చలేదు. మొదటి రోజు అదితి, రెండో రోజు రేష్మ వేసేలా మాట కుదిరింది. ఆమె రెడ్‌మండ్ వెళ్లి ఇంటర్వ్యూ ముగించుకుని, శనివారం మధ్యాహ్నానికే హాల్‌కి చేరింది. ముఖానికి తెల్లరంగు వేసుకుని స్టేజీ పక్కకి వచ్చేసరికి, అక్కడ అదితి కూడా రాకుమారిలానే తెల్లరంగుతో, జుట్టు కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. ఆమె పక్కనే ఈషాన్.

"జస్ట్ ఇన్ కేస్," అన్నాడతను.

రేష్మ ప్రేక్షకుల మధ్య నుంచి స్టేజీకి పోయే నడవాలోకి అడుగుపెట్టింది. ఒక్క మాట తడబడినా వాళ్లిద్దరూ గుర్తుపెట్టుకుంటారనుకుంది. తడబడలేదు. నాటకం అయ్యాక ఈషాన్ వచ్చి బాగా చేశావన్నాడు. థాంక్స్ చెబుతూ, ఆ మాట నిజమేనా అని ఆమె అతని ముఖం వంక చూసింది.